ఆరు జానలు

బస్సు బాడీలు కట్టే షెడ్డు, డ్రాయింగు గది,
సోమవారం.

ప్రియమైన వదినకు,

నేను బాగున్నాను, వేళకి తింటున్నాను, ఈ సంగతి అన్నయ్యకి కూడా చెప్పు. క్షేమసమాచారాలు అయిపోయాయి, ఇక పనిలో పడతాను.

మా షెడ్డుకి కొత్త పని వచ్చింది. ఇంతవరకు మేము కట్టిన బడి బస్సులన్నీ నిజానికి పెద్దవాళ్ల బస్సులే. సీట్లు కాస్త దగ్గరికి జరిపి, పసుపురంగు పూసి, పక్కన ‘బడి పిల్లలు’ అని రాస్తే సరిపోతుందనుకునేవాళ్లం. ఇప్పుడు మొదటిసారి నాలుగేళ్ల పిల్లల్ని మనసులో పెట్టుకుని, వాళ్ల కొలతలకి బస్సు కట్టమన్నారు. మొత్తం పది బళ్లు. మొదటిది మీ బడికే వస్తుంది. డ్రాయింగు నాది.

వారం రోజులుగా నాకు మతి పోతోంది వదినా. నాలుగేళ్ల పిల్ల కంటికి బస్సు ఎలా కనిపిస్తుందో చూద్దామని నిన్న ఒక పాత బండిలో మోకాళ్ల మీద నడిచాను. వెల్డరు బాబాయి తలుపులోంచి తొంగిచూసి, “ఏం పోగొట్టుకున్నావమ్మా?” అన్నాడు. పోయిందేం లేదు బాబాయ్, దొరికింది అన్నాను. ఆ ఎత్తునుంచి చూస్తే మెట్టు ఒక గోడ. సీటు ఒక అటక. కిటికీలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు. ఇన్నేళ్లు ఇదే బస్సుని గీస్తూ కూర్చున్నానుగానీ దాని లోపల ఇంకో బస్సు ఉందని నాకు తెలియదు.

ఇక నీతో పని. ప్రమాదం జరిగి ముందు తలుపు తెరుచుకోకపోతే దిగడానికి బస్సు వెనక ఒక తలుపు ఉంటుంది కదా. దాని పిడి ఎంత ఎత్తులో పెట్టాలో తేలడం లేదు. మరీ కింద పెడితే ఆటకి తిప్పేస్తారు, సంచులు తగిలి తెరుచుకుంటుంది. మరీ పైన పెడితే అవసరానికి అందదు. అందుకని అందరికంటే పొట్టి పిల్ల చెయ్యెత్తితే ఎంతవరకు అందుతుందో అక్కడ పెడతాం. మా దగ్గరున్న పట్టికలు ఆరేళ్ల పిల్లలతో మొదలవుతాయి. అంతకంటే చిన్నవాళ్లని కొలిచిన నాథుడు లేడు. మీ బస్సులో అందరికంటే చిన్నది ఎవరో చూసి, నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి కొలిచి రాయి.

టేపు లేకపోయినా ఫరవాలేదు. నువ్వు మా ఇంటికి కోడలివై వచ్చేనాటికి నాకు పదేళ్లు. నా గౌన్లన్నీ నువ్వు జానలతో కొలిచే కుట్టావు. బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొసదాకా నీ జాన సరిగ్గా తొమ్మిది అంగుళాలు. నేను ఎన్నిసార్లు టేపు పెట్టి చూశానో, వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. అన్నయ్య చేతి గడియారాన్ని నమ్మనుగానీ నీ జానని నమ్ముతాను. అన్నట్టు, నువ్వు కుట్టుమిషను మూలపడేశావని అన్నయ్య అన్నాడు. ఎందుకూ?

ఇంకో మాట. మీ బస్సుకి ముందున్న మడత తలుపు నేను ఉద్యోగంలో చేరిన ఏడు గీసిన మొట్టమొదటి తలుపు. ఎలా పనిచేస్తోందో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు నువ్వు. రోజూ నీ చేతుల మీదుగా పిల్లలు దాంట్లోంచే ఎక్కుతారని తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

నీ ఆడపడుచు

*

బడి ఆవరణ, బస్సు నిలిపే చోటు,
శుక్రవారం మధ్యాహ్నం.

ఇంజనీరు ఆడపడుచు గారికి, బస్సు ఆయమ్మ అయిన వదిన రాయునది.

అమ్మాయీ, నువ్వు మోకాళ్ల మీద నడిచావని చదివి మీ అన్నయ్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆరేళ్లుగా ఆయాగా చేస్తున్నాను, పిల్లల చంకల కింద చేతులేసి ఎక్కించడమేగానీ, ఆ మెట్టు వాళ్లకి గోడలా ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు చెయ్యి వెనక్కి పెట్టుకుని ఊరికే నిలబడి చూశాను. ఒక్కొక్కరూ ముందు రెండు అరచేతులూ మెట్టు మీద ఆనించారు, తర్వాత ఒక మోకాలు, తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్క ఎగురు. రోజుకి రెండుసార్లు ఇంత కొండెక్కి, పైకి రాగానే ఏమీ జరగనట్టు, “ఆయమ్మా, మా పిల్లి నిన్న తుమ్మింది” అని చెబుతారు.

కొలత సంగతి. టేపు తీసుకునే వెళ్లాను. అది చూడగానే ముప్పై ఒక్కమందీ సీట్ల కిందికి దూరారు. కిందటి వారం నర్సమ్మ వచ్చి టేపుతో చేతులు కొలిచి, ఆ వెంటనే సూది పొడిచిందట. టేపు వెనకాల సూది ఉంటుందని వాళ్లకి ఖాయమైపోయింది. సరేనని టేపు జేబులో పెట్టేసి, జానల ఆట అన్నాను. అప్పుడు నన్ను ముందు నన్ను ముందు అని ఎగబడ్డారు.

అందరికంటే పొట్టిది మా గోరంత. బడి పుస్తకంలో దానికి మంచి పేరే ఉందిగానీ, పిలిచేవాళ్లు లేరు. నాలుగేళ్లు నిండి నెల కాలేదు. కూర్చుంటే సీటు ఖాళీగా ఉందనుకుని దాని ఒళ్లో సంచులు పెట్టేస్తుంటారు. వెనక తలుపు పక్కన నిలబెట్టి, చెయ్యి బాగా పైకెత్తమని, నేలనుంచి వేలి కొసదాకా జానలు వేశాను. ఆరు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, కచ్చితంగా ఆరు జానలు.

మిషను అంటావా, కళ్లు ఆనడం లేదు, అందుకే పక్కన పెట్టాను. తలుపు బాగానే ఉంది. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, తలుపు గురించి అంతకంటే రాయడానికి ఏముంటుంది. మీ అన్నయ్యకి దగ్గు తగ్గింది.

వదిన

*

బాడీ షెడ్డు, డ్రాయింగు గది,
సెలవులకి పది రోజుల ముందు.

వదినా,

ఇవాళ నేను చూసింది నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు.

పరీక్ష కోసం విడిగా కట్టిన కొత్త బస్సు బాడీని పడేశాం. అవును, కావాలనే. మనిషెత్తు అరుగు మీద ఒక అంచుకి నిలబెట్టి, ఒక పక్కని యంత్రంతో మెల్లగా ఎత్తుకుంటూ పోయారు. సీట్లలో పిల్లలంత బరువు ఇసుక సంచులు కట్టాం. లోపల, పిల్లల తలలూ భుజాలూ ఉండే చోటంతా తెల్లరంగు పూసిన పలచటి చెక్కలతో ఒక గూడు కట్టాం. బస్సు పక్కకి పడ్డప్పుడు పైకప్పుగానీ, గోడగానీ, ఒక ఊచగానీ ఆ చెక్కని తాకకూడదు. ఒక్క గీత పడ్డా డ్రాయింగు మళ్లీ మొదటినుంచి గీయాల్సిందే.

బస్సు వాలింది. వాలి, వాలి, ఒక చోట ఆగినట్టే అనిపించింది. షెడ్డులో ఉన్న యాభై మందిమీ దాంతోపాటు పక్కకి వంగాం. తర్వాత పడింది వదినా. ఆ చప్పుడుకి నా దవడ పళ్లు కదిలాయి. దుమ్ము అణిగేదాకా ఎవరూ అడుగు వేయలేదు. అందరికంటే ముందు వెల్డరు బాబాయి లోపలికి దూరాడు. నేను వెనకే దూరి చూస్తే, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట రేకు నలిగిపోయింది, అద్దాలు పొడైపోయాయి, లోపల తెల్ల గూడు చెక్కు చెదరకుండా ఉంది. “ఇరవై ఏళ్లుగా ఇనుము అతుకుతున్నానమ్మా, అది దేన్ని కాస్తుందో ఇప్పుడు చూశాను” అన్నాడు.

సీట్లు కూడా చూడాలి నువ్వు. వీపులు ఎత్తుగా, వెనకవైపు కూడా దూది దిండులా కట్టాం. బస్సు దేన్నయినా గుద్దుకుంటే పిల్ల ముందు సీటు వీపుకి వెళ్లి తగులుతుంది, అక్కడే ఆగుతుంది. గుడ్లని అట్టపెట్టెలో పెడతారు కదా, అలా.

నీ కొలత అందగానే పిడి పని తేలిపోయింది. ఆరు తొమ్ములు యాభై నాలుగు. పట్టు దొరకాలి గనక రెండంగుళాలు దించి, యాభై రెండు దగ్గర ఎర్ర పిడి బిగించాం. పిల్లల్ని షెడ్డులోకి రానివ్వరు గనక, గోరంత బదులు యాభై నాలుగు అంగుళాల కర్ర కోసి తలుపు దగ్గర నిలబెట్టి సరిచూశాం. బాబాయి దానికి బొగ్గుతో కళ్లూ నవ్వూ గీశాడు. ఇప్పుడు షెడ్డులో అందరూ దాన్ని గోరంత అనే పిలుస్తున్నారు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పలకరిస్తున్నారు.

సెలవులు అయ్యాక మొదటిరోజుకి బస్సు మీ బడిలో ఉంటుంది. తక్కిన తొమ్మిదీ ఆ నెలాఖరుకి బయలుదేరతాయి. నీ అక్షరాలేమిటి ఇలా వంకరపోతున్నాయి? ముత్యాల్లా రాసేదానివి.

నీ ఆడపడుచు

*

ఇంటి వంటగది,
సెలవుల్లో ఒకరోజు.

అమ్మాయీ,

నీ ఉత్తరాన్ని సెలవుల ముందు ఆఖరిరోజు బస్సులో పైకి చదివాను. బస్సుని కావాలని పడేశారంటే నమ్మలేదు. తర్వాత ఒకటే ప్రశ్నలు. బస్సుకి నొప్పి పుట్టిందా, దానికి కట్టు కట్టారా, ఇసుక పిల్లలు ఏడ్చారా అని. ఇసుక పిల్లలు ఏడవలేదు, ఎందుకంటే వాళ్లకి ఏమీ కాలేదు అన్నాను. అప్పుడు గోరంత, “మరి వాళ్లు ఎట్లా దిగారు?” అంది. అది నువ్వు రాయలేదు.

డ్రైవరు పెద్దాయన మాత్రం తెల్ల గూడు దగ్గరికి వచ్చేసరికి అద్దంలోంచి నావైపు చూసి, “ఆ ముక్క ఇంకోసారి చదవమ్మా” అన్నాడు. ముప్పై ఏళ్లుగా బళ్లు నడుపుతున్న మనిషి, చెయ్యి స్టీరింగు మీద పెట్టుకుని మెదలకుండా విన్నాడు.

అక్షరాలకేం వచ్చింది, కదిలే బస్సులో రాస్తే ముత్యాలు దొర్లుతాయి మరి.

వదిన

*

బడి ఆవరణ, కొత్త బస్సులో వెనక సీటు,
సెలవులు అయ్యాక మూడోరోజు.

అమ్మాయీ,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. ఇది మూడోది. ఇప్పుడు ఇంటి దగ్గర కాదు, కదిలే బస్సులోనూ కాదు, ఆగి ఉన్న బస్సులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నాయో చూసుకో.

ముందు బస్సు సంగతి. గేటులోంచి లోపలికి వస్తుంటే పిల్లలు చప్పట్లు కొడతారనుకున్నాను. కొట్టలేదు. మెట్టు దగ్గరికి వచ్చి, చేతులు ఆనించబోయి, అక్కర్లేదని తెలిసి ఆగిపోయారు. అడుగు ఎత్తారు, ఎక్కేశారు. దిగి మళ్లీ ఎక్కారు. కిటికీ దగ్గర కూర్చున్న ఒక పిల్లకి రోడ్డు మీద కుక్క కనిపించింది. “ఆయమ్మా, కింద కూడా ఉంది” అంది. నాలుగేళ్లకి మొదటిసారి బస్సులోంచి దానికి నేల కనిపించిందమ్మా. నేను తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత వెనక తలుపు చూపిద్దామని గోరంతని తీసుకెళ్లాను. ఎర్ర పిడి పట్టుకో అన్నాను. చెయ్యెత్తింది. మునివేళ్ల మీద లేచింది. దాని వేలికీ పిడికీ మధ్య నా అరచెయ్యి అడ్డంగా పెడితే పట్టింది, ఇంకా సందు మిగిలింది. “ఇది పెద్దవాళ్ల తలుపు ఆయమ్మా” అని చెప్పి, వెళ్లి తన చోట్లో కూర్చుంది.

నీ లెక్క తప్పిందనుకున్నాను. ఒక నిమిషం నిన్నే తిట్టుకున్నాను. నేలనుంచి పిడిదాకా జానలు వేస్తే ఇంచుమించు ఏడు వచ్చాయి. నేను ఆరు రాస్తే నువ్వు ఏడు పెట్టావేమిటి అనుకుని పెద్దాయన దగ్గర టేపు తీసుకుని కొలిచాను. సరిగ్గా నువ్వు రాసినట్టే యాభై రెండు. గోరంత చెయ్యి కొలిచాను. నలభై ఐదు. అప్పుడు టేపుని నా చేతి మీద పెట్టాను. ఏడున్నర.

నా జాన ఇప్పుడు ఏడున్నర అంగుళాలమ్మా. నా కుడిచేతి చిటికెనవేలు రెండేళ్లుగా చాచడానికి రాదు. ముడుచుకుపోయింది. ముడుచుకున్న వేలితో వేసినా జాన జానే అనుకున్నాను. బట్ట కొలిచే పని మానేశాక ఆ సంగతే మరిచిపోయాను. అబద్ధమెందుకు, మరిచిపోవాలనే మరిచిపోయాను.

మిషను పక్కన పెట్టింది కళ్ల వల్ల కాదు, ఆ చేతికి కత్తెర ఆగకనే. వేలికి ఏమయిందో కూడా చెప్పాలి. ఒక పిల్ల దిగి, జారిన చెప్పు కోసం వెనక్కి తిరిగింది. పెద్దాయన చూడలేదు, తలుపు మూసుకుంటోంది. దాని చెంపకీ తలుపు అంచుకీ మధ్య నా చెయ్యి పెట్టాను. పిల్లకి గీత కూడా పడలేదు. ఆ పిల్లకి ఇప్పుడు ఆ సంగతే గుర్తు లేదు.

అది నీ తలుపు. నీ మొదటి తలుపు. నువ్వు ఆ డ్రాయింగు చుట్ట కట్టుకుని ఇంటికి తెచ్చి, మంచం మీద పరిచి, నాకూ మీ అన్నయ్యకీ చూపించిన రోజు నీ మొహం ఎలా ఉందో నాకు కళ్లకి కట్టినట్టుంది. నీకు చెప్పొద్దని మీ అన్నయ్య చేత ఒట్టేయించుకున్నాను.

ఈ బస్సుని బయటికి కదలనివ్వలేదు. మా బడి పెద్దమేడమ్ గారి దగ్గరికి వెళ్లి చెయ్యి చూపించి, జరిగింది చెప్పాను. పిల్లలు ఇవాళ పాత బస్సులోనే వెళతారు. తలుపు దగ్గర నేనుంటాను. నీ దగ్గరున్న తొమ్మిది బళ్లనీ ఆపు.

వదిన

*

బాడీ షెడ్డు,
గురువారం.

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. తొమ్మిది బళ్లనీ ఆపించాను. మీ బడికి వచ్చిన బండికి పిడి మార్చడానికి మనుషులు సోమవారం వస్తారు. కొత్త ఎత్తు నలభై మూడు అంగుళాలు. ఈసారి ముగ్గురు పిల్లల్ని, మూడు చోట్ల, టేపుతో కొలిపించాను.

మార్పు కాగితంలో కారణం రాయమంటారు. ‘కొలతని టేపుతో సరిచూడలేదు’ అని రాసి నా సంతకం పెట్టాను. అది నిజం కూడా. మీ జాన మీద నాకు నమ్మకం ఉంటే ఉండొచ్చు, దాన్ని నాలుగేళ్ల పిల్ల ప్రాణానికి ఆధారం చేసే హక్కు నాకు లేదు.

కర్ర గోరంతని తొమ్మిది అంగుళాలు కోయాల్సి వచ్చింది. వెల్డరు బాబాయే కోశాడు. కాళ్లవైపు కోశాడు, మొహం అలాగే ఉంచాడు. కోశాక తలుపు పక్కన నిలబెట్టి చూసి, “ఇంత చిన్నదా” అన్నాడు. నాకూ అదే అనిపించింది. ఇన్నాళ్లూ మేమంతా పొద్దున్నే పలకరించింది ఎవరినో తెలియలేదు.

మీరు చెప్పని సంగతి నాకు మింగుడు పడటం లేదు. ఆ మడత తలుపుకి అంచు గట్టి అల్యూమినియం. రబ్బరు పెడితే బాగుండదని, గీత చక్కగా రావాలని నేనే వద్దన్నాను. అలాంటి తలుపులు అరవై రెండు బస్సులకి ఉన్నాయి. మీరు రెండేళ్ల కిందట ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఆ ఏడే అన్నిటికీ రబ్బరు వేయించేదాన్ని. నా మనసు నొచ్చుకుంటుందని చూశారు. ఆ అరవై రెండు తలుపుల దగ్గర రోజూ ఎంతమంది పిల్లలు ఎక్కి దిగుతారో చూడలేదు.

ఉంటాను.

మీ ఆడపడుచు

*

ఇంటి వంటగది,
ఆదివారం.

అమ్మాయీ,

‘మీరు’ అని రాశావు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కూడా నన్ను నువ్వనే పిలిచావు. అత్తయ్య వెయ్యిసార్లు కోప్పడినా మానలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు తలుపు కంటే గట్టిగా తగిలింది. తగలాల్సిందేలే.

నేను చేసింది నీ మీద ప్రేమ అనుకున్నాను. బయటికి చెప్పుకోకుండా ఓర్చుకుంటే గొప్ప అనుకున్నాను. అరవై రెండు అని నువ్వు రాసేదాకా నా కళ్లకి ఒక్క తలుపే కనిపించింది, దాని వెనక ఒక్క నువ్వే కనిపించావు. నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య, “ఒట్టు వేయించుకున్నావు, వేశాను, ఇద్దరం బుద్ధిలేనివాళ్లమే” అన్నాడు.

పెద్దమేడమ్ గారు పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. దెబ్బలు రాసే పుస్తకం తెరిపించి, రెండేళ్ల కిందటి తేదీ వేయించి, జరిగింది నాచేతే రాయించారు. ఇక ముందు గోరు గీరుకున్నా అందులో ఎక్కాలన్నారు. “నువ్వు దెబ్బని దాస్తే దెబ్బ పోదమ్మా, ఇంకొకరి కోసం కాచుక్కూర్చుంటుంది” అన్నారు. తలొంచుకుని విన్నాను.

నన్ను ఎన్ని తిట్టినా పడతాను. కానీ ఆ తలుపుని తలుచుకుని డ్రాయింగు బల్ల దగ్గరికి వెళ్లడం మానేశావంటే మాత్రం ఊరుకోను. నువ్వు గీసిన తెల్ల గూడు చెక్కు చెదరలేదు. ఆ మెట్టు గీసింది నువ్వు. పిల్లలకి నేల చూపించింది నువ్వు.

నీ కోపం తగ్గేదాకా ‘మీరు’ అనే రాసుకో. చదువుతాను.

వదిన

*

వేరే ఊరి బస్సు డిపో, విశ్రాంతి గది,
వానలు మొదలయ్యాక.

వదినా,

నువ్వు. నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?

పద్దెనిమిది రోజులుగా తిరుగుతున్నాను. అరవై రెండు తలుపుల్లో నలభై ఒకటికి రబ్బరు అంచులు వేయించాను. నేనే దగ్గరుండి వేయిస్తున్నాను, చివర నా చెయ్యి అడ్డంపెట్టి మూయించి చూస్తున్నాను. ఇప్పుడు చెయ్యి తగలగానే రబ్బరు లోపలికి నొక్కుకుపోతుంది.

ప్రతిచోటా అడిగాను, ఈ తలుపుతో ఎవరికైనా దెబ్బ తగిలిందా అని. ముందు ఎవరూ చెప్పరు. బాగానే ఉంది మేడమ్ అంటారు, అచ్చం నువ్వు రాసినట్టే. కాసేపు కూర్చుని, ఇది నేనే గీశాను, తప్పు నాది అని చెబితే అప్పుడు చేతులు బయటికి వస్తాయి. ఒక ఆయాకి మణికట్టు మీద మచ్చ. ఒక డ్రైవరు కూతురికి గోరు నల్లబడి రాలిపోయిందట, అదే బస్సులో. ఒకరైనా షెడ్డుకి రాయలేదు. ఎందుకు రాయలేదంటే, పెద్ద ఇంజనీర్లు చేసింది, మాకేం తెలుస్తుంది అన్నారు.

నిన్న ఇక్కడ చూసింది వింటే నువ్వు నమ్మవు. ఒక పాత డ్రైవరు తన బస్సు తలుపు అంచుకి చీల్చిన సైకిల్ ట్యూబు తొడిగి, తీగతో కట్టి ఉంచాడు. మూడేళ్లయిందట. నేను వారం రోజులు కిందామీదా పడి గీసిన రబ్బరు అంచుని దాని పక్కన పెట్టి చూశాను. మందం ఒకటే, వంపు ఒకటే. “మీకెలా తెలిసింది?” అని అడిగితే, “నా బండిలో ఎక్కేది పిల్లలు కదమ్మా” అన్నాడు. అంతే చెప్పాడు, వెళ్లి చక్రాల గాలి చూసుకోవడం మొదలుపెట్టాడు. దేశంలో ఎన్ని చోట్ల ఎంతమంది, ఎవరికీ చెప్పకుండా, నా తప్పుని నిశ్శబ్దంగా సర్దుకుంటూ పిల్లల్ని ఇంటికి చేరుస్తున్నారో. నువ్వు కూడా అందులో ఒకదానివే. నీ మీద కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

మీ బస్సుకి పిడి మార్చారని కబురు వచ్చింది. నలభై మూడు దగ్గర ఉండాలి, టేపు పెట్టి చూడు. పెద్దమేడమ్ గారు వచ్చే బుధవారం దిగే కసరత్తు పెట్టిస్తామన్నారు. ముందు తలుపు మూసే ఉంచి, అందరూ వెనక తలుపులోంచి దిగాలి. ఆ పని బాగా జరిగితేనే తక్కిన తొమ్మిది బళ్లూ కదులుతాయి. నేను రాలేను, ఇంకా ఇరవై ఒక్క తలుపులున్నాయి. ఏదీ వదలకుండా రాయి. బాగా జరగకపోతే అదే ముందు రాయి.

నీ ఆడపడుచు

*

బడి ఆవరణ, బస్సు మెట్టు మీద,
బుధవారం మధ్యాహ్నం.

అమ్మాయీ,

పిడి నలభై మూడు దగ్గరే ఉంది. టేపుతోనే చూశాను.

పొద్దున్న పిల్లలకి ఒక్కటే చెప్పాం. పెద్దాయన గంట కొడితే, సంచులు వదిలేసి, వెనక తలుపులోంచి దిగాలి, తోసుకోకూడదు. ఎవరు తలుపు తీయాలో చెప్పలేదు. తలుపుకి దగ్గరగా ఎవరుంటే వాళ్లే తీయాలి కదా, నిజంగా జరిగినప్పుడు ఎవరుంటారో మనం ఎంచలేం. నేను ముందు సీటులో దెబ్బ తగిలి పడిపోయినట్టు కదలకుండా ఉండాలన్నారు పెద్దమేడమ్. బయట గడియారం పట్టుకుని ఆవిడ, దింపుకోవడానికి పెద్దాయన, ఇంకో ఇద్దరు ఆయాలు. వాన తుంపర పడుతూ ఉంది.

గంట మోగింది. నేను సీటు మీద పక్కకి వాలి, ఒక కన్ను తెరిచి చూస్తున్నాను. ముందు గలాభా. పెద్దపిల్లలు ఇద్దరు అలవాటు కొద్దీ ముందు తలుపు వైపు పరిగెత్తుకొచ్చి, మూసి ఉందని చూసి బిక్కమొహం వేశారు. ఒకడు నన్ను కదిపి, “ఆయమ్మా, లే” అన్నాడు. లేవలేదు.

వెనక వరసలో గోరంత ఉంది. దాన్ని అక్కడ ఎవరూ కూర్చోబెట్టలేదు, తనే వెళ్లి కూర్చుంది. లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. చెయ్యి ఎత్తింది. మునివేళ్ల మీద లేవలేదమ్మా. లేవాల్సిన పని లేకపోయింది. పిడి పట్టుకుంది, ఒక చేత్తో తిరగలేదు, రెండో చెయ్యి వేసింది, వేలాడినంత పని చేసి కిందికి లాగింది. తలుపు తెరుచుకుంది. బయటి వెలుతురంతా ఒక్కసారి లోపలికి వచ్చింది.

అప్పటిదాకా అరుస్తున్నవాళ్లు నోళ్లు మూశారు. అంత చిన్న చేతికి అంత పెద్ద తలుపు తెరుచుకోవడం వాళ్లు కూడా చూశారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే వరస కట్టారు. ఒక్కొక్కరూ అంచు మీద కూర్చుని, చేతులు చాచి, పెద్దాయన చేతుల్లోకి జారారు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పది, ఇరవై, ఇరవై తొమ్మిది, ముప్పై. ముప్పై ఒకటోది దిగలేదు.

గోరంత తలుపు పక్కన, సీటు కమ్మీకి వీపు ఆనించి, పిడి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బయట పెద్దాయన, “రా తల్లీ, రా” అంటున్నాడు. అది రాలేదు. నావైపు చూసి, “ఆయమ్మా, నువ్వు దిగు” అంది.

నాకు దెబ్బ తగిలింది కదే, నేను లేవలేను కదా అన్నాను. “తగిలితే మెల్లగా రా. నేను తలుపు పట్టుకున్నాను” అంది. నువ్వు ముందు దిగమ్మా, ఆయమ్మ ఆఖర్న దిగుతుంది అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. “తలుపు తీసినవాళ్లు ఆఖర్న దిగాలి. నువ్వు రోజూ అట్లాగే కదా” అంది.

అలా చేయాలని నేను దానికి ఏనాడూ చెప్పలేదు. రోజూ చూస్తూ ఉందన్నమాట. ఆ చూపుకి ఎదురుగా అబద్ధపు దెబ్బతో పడుకుని ఉండటం నావల్ల కాలేదు. లేచాను. బస్సు ఈ చివరనుంచి ఆ చివరిదాకా, ఖాళీ సీట్ల మధ్య నడిచాను. దాని పక్కకి వచ్చి, దిగడానికి అంచు మీద కూర్చోబోయాను. నా నడుం దాటని పిల్ల, నేను జారకుండా రెండో చేత్తో నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. పెద్దమేడమ్ గడియారం ఆపడం మరిచిపోయి చూస్తున్నారు. ఎంతసేపు పట్టిందో ఎవరికీ తెలియదు, రేపు మళ్లీ చేయించాలట. తొమ్మిది బళ్లనీ మాత్రం పంపమని రాయమన్నారు.

నేను దిగాను. ఆ తర్వాతే అది దిగింది.

నీ వదిన